కువలయ తోటలో పొగడ చెట్టు

ఎప్పుడో, మీ తాతకి తాత కూడా ఉయ్యాల్లో ఊగుతున్న రోజుల్లో, కోనగిరి రాజ్యాన్ని కేసరివర్మ అనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణకేతు, మాట పూర్తిగా వినకముందే కత్తి దూసేవాడు. రెండోవాడు జయకేతు, ముందు కత్తి దూసి ఆ తర్వాత మాట వినేవాడు. మూడోవాడు శాంతకేతు. అబ్బో, వాడి నిదానం చెప్పనలవి కాదు! వాడు అన్నం తినడం మొదలుపెడితే వడ్డించేవాళ్ళు ఒక కునుకు తీసి లేచేవాళ్ళు. "వీడితో ఎలా వేగేదిరా భగవంతుడా!" అని రాజు తల పట్టుకునేవాడు.

పక్క రాజ్యంలో కువలయ అనే రాజకుమారి ఉండేది. ఒకనాడు చిటికెల చండుడనే మాంత్రికుడు ఆమెని ఎత్తుకుపోయాడు. వాడు ఒక చిటికె వేస్తే కొండ లేచేది, ఇంకో చిటికె వేస్తే కూలేది. ఏడు సముద్రాల అవతల ఒక దీవి, ఆ దీవిలో వంద ఎకరాల తోట, ఆ తోటలో ఒక మేడ. ఆ మేడలో ఆమెని పెట్టి, "నన్ను పెళ్ళాడతావా, చస్తావా?" అన్నాడు.

కువలయ కిటికీలోంచి తోటంతా చూసింది. చూస్తూనే ఆలోచించింది.

"పెళ్ళాడతాను. కానీ మా వంశంలో పొగడ చెట్టు నీడలోనే పెళ్ళి చేస్తారు. మిట్టమధ్యాహ్నం ఆ నీడలో పన్నెండు విస్తళ్ళు పరిస్తే, ఒక్కదాని మీదా ఎండ పడకూడదు. పడిందా, తాళి తెగిపోతుంది" అంది.

"ఓస్, ఇంతేనా!" అని చండుడు చిటికె వేశాడు. ఇంత చెట్టు లేచింది. తాళి కట్టబోయాడు. టప్! తెగింది. ఇంకో చెట్టు లేపాడు. టప్! మూడో చెట్టు లేపాడు. టప్! మాయచెట్టుకి వేళ్ళుండవు కదా, విస్తళ్ళు పరిచేలోపే ఆకులు ముడుచుకుపోయి ఎండ పడిపోయేది. చేసేది లేక వాడు దేశదేశాలా చాటింపు వేయించాడు. "నా తోటలో నిజమైన పొగడ చెట్టు పెంచినవాడు ఏది కోరితే అది ఇస్తా. చెడగొట్టినవాణ్ణి రాయిని చేస్తా!"

కువలయని విడిపించాలంటే ముందు ఆ తోటలో అడుగుపెట్టాలి. రణకేతు తోటమాలి వేషం వేసుకుని వెళ్ళాడు. త్వరగా మొలవాలని గింజకి రోజుకి ఇరవై కుండల నీళ్ళు పోశాడు. గింజ కుళ్ళింది. చిటికె! రణకేతు రాయైపోయాడు. జయకేతు వెళ్ళాడు. గింజ మొలిచింది కానీ, వేరు ఎంత దిగిందో చూద్దామని రోజూ పీకి చూసి మళ్ళీ పాతాడు. మొక్క చచ్చింది. చిటికె! జయకేతూ రాయే.

"నేను వెళ్తాను నాన్నగారూ" అన్నాడు శాంతకేతు.

"నువ్వా? నువ్వు గుమ్మం దాటేసరికే సంవత్సరం మారిపోతుంది కదరా!" అన్నాడు రాజు ఏడవలేక నవ్వుతూ.

వెళ్ళాడు. సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. తిరగేసి నిలబెట్టాడు. "ఎక్కు నాయనా, దాటిస్తా. కాకపోతే సముద్రానికో నెల పడుతుంది" అంది తాబేలు. "నాకేం తొందర?" అన్నాడు శాంతకేతు. వాళ్ళిద్దరికీ ఎంత బాగా కుదిరిందో చూడండి! ఏడు సముద్రాలు, ఏడు నెలలు.

దీవి చేరాక ఒక వానపాము ఎండలో విలవిల్లాడుతుంటే తడిమట్టిలో వదిలాడు. "ఇక్కడ పాతకు, అడుగున బండ ఉంది. అదిగో, ఆ మూల నేల గుల్లగా ఉంది" అని చెప్పింది అది. శాంతకేతు వెంట తెచ్చుకున్న గింజని అక్కడ పాతి, పక్కనే కూర్చున్నాడు. చిల్లు కుండకి గుడ్డ వత్తి పెట్టి గింజ పక్కన పాతాడు. నీళ్ళు చుక్కచుక్కగా దిగుతాయి. ఎండుటాకులు కప్పాడు. చుట్టూ ముళ్ళకంప కట్టాడు. నలభై రోజులకి గోరంత మొలక వచ్చింది.

చండుడు నెలకోసారి ఊడిపడేవాడు. "ఎంతైంది? ఎంతైంది?"

"జానెడు అయ్యా" అనేవాడు శాంతకేతు. మళ్ళీ నెల, "ఎంతైంది?" "జానెడు మీద రెండు వేళ్ళు అయ్యా." చండుడు కోపంతో చిటికె వేయబోయి, వేస్తే ఈ తోటమాలి కూడా పోతాడని చెయ్యి వెనక్కి లాక్కుని పళ్ళు పటపట కొరికేవాడు.

మొదటేడు మధ్యాహ్నం ఆ మొక్క నీడ చీమకి సరిపోయింది. రెండో ఏడు కోడిపిల్లకి. మూడో ఏడు పిల్లికి. ఐదో ఏడు కువలయ ఒక విస్తరి తెచ్చి పరిచింది. విస్తరంతా నీడే! ఆమె గుండె గుభేలుమంది.

"ఏమయ్యా, నీకు బుద్ధుందా? ఇంత బాగా పెంచుతావేం? పన్నెండో విస్తరి పడిన రోజున నా బతుకు తెల్లారిపోతుంది!" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

శాంతకేతు తానెవరో, ఆ రెండు రాళ్ళూ ఎవరో అప్పుడు చెప్పాడు. "పెంచకపోతే వాడు చావడు. ఈ ఉడుత ఏం చెప్పిందో విను."

ఆ ఉడుతకి అతను రోజూ నాలుగు మెతుకులు పెట్టేవాడు. ఉడుత కొమ్మ మీద లేచి నిలబడి గడగడా చెప్పేసింది. "వాడి ప్రాణం ముత్యంలో ఉంది. ముత్యం చిలుక నోట్లో ఉంది. వెయ్యేళ్ళుగా ఆ చిలుక వాలదు, తినదు, పలకదు. నోరు తెరిస్తే ముత్యం పడిపోతుంది మరి! దానికి పొగడ పండంటే ప్రాణం. అందుకే వాడు దీవిలో ఉన్న పొగడ చెట్లన్నీ ఎప్పుడో నరికించాడు. ఇప్పుడు పెళ్ళిపిచ్చిలో ఆ సంగతే మరిచాడు!"

కువలయ కళ్ళు తుడుచుకుంది. ఆలోచించింది. మళ్ళీ భయపడింది. "ముందు నీడ పన్నెండు విస్తళ్ళకి చేరితే? పండు తర్వాత కాస్తే?"

శాంతకేతు లేచి చిల్లు కుండలో మళ్ళీ నీళ్ళు పోశాడు.

ఏడో ఏడు రెండు విస్తళ్ళు. ఎనిమిదో ఏడు నాలుగు. తొమ్మిదో ఏడు పూత పూసింది, తోటంతా ఘుమఘుమ! పూలన్నీ రాలిపోయాయి, పిందె కట్టలేదు. పదో ఏడూ అంతే. పదకొండో ఏడూ అంతే, విస్తళ్ళు మాత్రం పది. పన్నెండో ఏడు పిందె కట్టింది! ఆకుపచ్చగా, చింతగింజంత కాయలు. పైన ఆకాశంలో చిలుక గిరగిరా తిరగడం మొదలుపెట్టింది.

చండుడు పురోహితుణ్ణి లాక్కొచ్చాడు. కువలయ విస్తళ్ళు పరిచింది. పన్నెండోదాని మీద నాలుగు వేళ్ళ ఎండ. "ఈరోజు కాదు" అంది. మర్నాడు చిగుళ్ళు విచ్చుకున్నాయి, రెండు వేళ్ళ ఎండ. "ఈరోజూ కాదు." మూడోరోజు మిట్టమధ్యాహ్నం పన్నెండు విస్తళ్ళ మీదా నల్లటి నిండు నీడ. ఎక్కడా సూదిమొనంత ఎండ లేదు.

"కూర్చో పీట మీద!" అని గర్జించాడు చండుడు.

ఊపిరి బిగబట్టండి పిల్లలూ! ఉడుత కొమ్మ కొమ్మా దూకుతూ వెతికింది. పచ్చిది. పచ్చిది. పచ్చిది. ఇదిగో పండింది! ఒకే ఒక్కటి, నారింజ రంగులో మెరుస్తోంది. శాంతకేతు చెట్టెక్కి దాన్ని అరచేతిలో పెట్టుకుని చెయ్యి చాపాడు. కదల్లేదు. రెప్ప వేయలేదు. అంత కదలకుండా ఉండటం ఈ లోకంలో అతనికి తప్ప ఇంకెవరికి వచ్చు!

చిలుక ఒక చుట్టు తిరిగింది. రెండు చుట్లు తిరిగింది. కింద చండుడు తాళి ఎత్తాడు. మూడో చుట్టు తిరిగి అతని మణికట్టు మీద వాలింది. పండుని చూసింది. కింద యజమానిని చూసింది.

చండుడి చేతిలో తాళి ఆగిపోయింది. "తెరవకే! నోరు తెరవకే!" అని వాడు కెవ్వుమన్నాడు. శాంతకేతు వైపు చిటికె వేయడానికి చెయ్యి లేపాడు.

చిలుక నోరు తెరిచింది.

ముత్యం జారి, ఆకుల్లోంచి దొర్లి, పన్నెండో విస్తరిలో టప్పుమని పడింది. చండుడు దూకాడు. కానీ కువలయ దగ్గరుంది. పన్నెండేళ్ళ ఏడుపు, పన్నెండేళ్ళ భయం, అన్నీ చేతుల్లోకి తెచ్చుకుని కూర్చున్న పెళ్ళిపీటనే ఎత్తి ఒక్కటేసింది! ముత్యం పిండి పిండైపోయింది. చిటికె వేయబోయిన చెయ్యి, ఆ చేతి వెనక చండుడు, అంతా బూడిదై గాలికి పోయింది. పురోహితుడు చెంబు వదిలి పరుగో పరుగు!

"వగరు" అంది చిలుక వెయ్యేళ్ళ తర్వాత మొదటిసారి. "అబ్బ, ఎంత బాగుందో!"

రాళ్ళు రెండూ రణకేతు, జయకేతు అయ్యి ఒళ్ళు విరుచుకున్నాయి. "తమ్ముడూ, పెళ్ళెప్పుడు? ఇప్పుడే చేసేద్దాం, ముహూర్తం ఉంది, నీడ ఉంది!" అని ఇద్దరూ ఒకేసారి తొందరపెట్టారు.

శాంతకేతు చెట్టు దిగి కువలయ ఎదురుగా నిలబడ్డాడు. "నిన్ను ఎవరూ బలవంతం చేయరు. మీ ఇంటికి వెళ్తానంటే తాబేలుని పిలుస్తాను" అన్నాడు.

"నువ్వు అడిగేసరికి ఇంకో పన్నెండేళ్ళు పట్టేలా ఉంది. నేనే అడుగుతున్నా, నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అంది కువలయ నవ్వుతూ. అంటూనే ఆ నీడలో అలాగే కూలబడింది. "ఒక్క క్షణం ఆగు" అంది. పన్నెండేళ్ళుగా మధ్యాహ్నమైతే చాలు, నీడ ఎంత పెరిగిందోనని ఆమె గుండె దడదడలాడేది. ఆ మధ్యాహ్నం దడ లేదు. పొగడ వేరు మీద తల పెట్టుకుని హాయిగా నిద్రపోయింది.

అన్నలు లేపబోయారు. శాంతకేతు వేలు పెదాల మీద పెట్టి, విసనకర్ర తీసుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. పొద్దు వాలేదాకా విసురుతూనే ఉన్నాడు. ఆమె లేచాక పెళ్ళి జరిగింది, తాళి తెగలేదు. ఇద్దరూ ఆ దీవిని అరవై ఏళ్ళు ఏలారు, ఆ అరవై ఏళ్ళలో అక్కడ నిద్రపోతున్నవాళ్ళని ఎవరూ లేపకూడదన్నది రాజాజ్ఞ.