గండడి హార్ప్

అనగనగా అంటే మరీ అంత పాత కాలమేం కాదర్రా, ఈమధ్యే, ఒక అడవిలో గండడని ఒక ఎలుగుబంటి ఉండేవాడు. వాడు కనపడితే చాలు, జింకలూ కుందేళ్లూ పరుగో పరుగు. పలకరించే దిక్కు లేదు పాపం.

ఒకనాడు వాడికి అటుగా పోయిన మేళం వాళ్లు పారేసి వెళ్లిన హార్ప్ దొరికింది. హార్ప్ అంటే పెద్ద విల్లుకి బోలెడు తీగలు కట్టినట్టుంటుంది. ‘ఇది వాయిస్తే నా దగ్గరికీ ఎవరైనా వస్తారు’ అనుకున్నాడు.

మీటాడు. గోళ్లు జానెడేసి ఉన్నాయేమో, గరగరమంది. చెట్టు మీది పిట్టలన్నీ ఎగిరిపోయాయి. పక్క పొదలోని ఏదుపంది తాత మాత్రం కదల్లేదు.

“ఒరే గండా, గోళ్లతో కాదురా. వాటిని బండకేసి అరగదీసి, వేలి కొసలతో మీటు. ముందు ఒక్క తీగ చాలు,” అన్నాడు.

గండడు అలాగే చేశాడు. గోళ్లు పోయాక చెదపుట్టలు తవ్వుకోవడం ఎలా? తాతే దుంపలు తవ్వి తెచ్చిపెట్టేవాడు.

“కాస్త వినిపించరా. ఒక్కణ్ణీ ఉంటే పొద్దుపోవడం లేదు,” అన్నాడు తాత.

“సిగ్గేస్తుంది తాతా. రెండు చేతులూ కుదరనీ,” అన్నాడు గండడు.

చలికాలంలో తాత మళ్లీ అడిగాడు.

“వేళ్లు తడబడుతున్నాయి తాతా. పాట పూర్తి కానీ.”

ఎండలు ముదిరాక, తాత కుంటుకుంటూ వచ్చి మూడోసారి అడిగాడు. “తప్పులైతే ఏంట్రా, నేనేమన్నా రాజునా?”

“ఒక్క తప్పు లేకుండా వచ్చాక నేనే పిలుస్తాను తాతా,” అని గండడు హార్ప్ వెనక్కి దాచేసుకున్నాడు. తాత కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు. ఆ ముసలాయనకి పక్కన ఎవరో ఒకరుంటే చాలని ఈ మొండి వెధవకి తట్టలేదు.

దుంపలు రావడం ఆగిపోయింది. రాలిన పళ్లు ఏరుకు తింటూ వాయించాడే గానీ, ఎందుకాగిందో వెళ్లి చూడలేదు.

తొలకరికి పాట కుదిరింది. ఒక్క తప్పు లేదు. గండడు హార్ప్ భుజానికెత్తుకుని తాత బొరియ దగ్గరికి పరుగెత్తాడు.

“తాతా, వచ్చేసింది. రా, వినిపిస్తా.”

లోపలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. వాకిట్లో గడ్డి మొలిచింది.

“తాత పోయి చాలా రోజులైంది,” అని దూరం నుంచే చెప్పి ఒక ఉడుత చెట్టెక్కేసింది.

గండడు ఆ గడ్డిలో కూలబడ్డాడు. ఏడుస్తూనే పాట మొదలుపెట్టాడు. చివరిదాకా వాయించాడు. ఎంతో బాగా వాయించాడు. వినేవాళ్లు లేరు.

నీతి: బాగా వచ్చాక పిలుద్దామని మనవాళ్లని ఆపకండి. తప్పులు పోయేలోగా వాళ్లే పోవచ్చు.