బీరతీగ చుట్టిన చుట్లు

ఒకప్పుడు బీరతీగకి నులితీగలు లేవర్రా. అదే, సన్నగా దారంలా చాచి, దొరికిన పుల్లనల్లా చుట్టేసుకుంటుందే, అది లేదన్నమాట. అప్పట్లో బీరతీగ నేలమీదే పాకేది.

ఇష్టపడి పాకడం కాదు. మొలకగా ఉన్నప్పుడు ఓ మేక దాన్ని చూసి, "అయ్యో, దీనికి నడుమే లేదే! ఇదేం నిలబడుతుంది!" అని ఎకసెక్కంగా అనేసి, తన దారిన తను పోయింది. మేక అన్నది ఒక్కసారే. బీరతీగ మాత్రం ఆ మాట పొద్దున ఓసారి, మాపటికోసారి తనకు తనే చెప్పుకునేది. "నాకు నడుం లేదు. నావల్ల కాదు."

చెప్పుకోగా చెప్పుకోగా, అది మేక మాటన్న సంగతే మరిచిపోయింది.

ఆ ఏడు మొదటి పిందె తడినేల మీద కుళ్లిపోయింది. రెండోదీ అంతే. ఇప్పుడు మూడోది, చిటికెన వేలంత ఉంది. తూర్పున మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడిందంటే ఇదీ కుళ్లిపోతుంది.

"అమ్మా, నా వీపు కింద తడిగా ఉందే," అంది పిందె.

"కాస్త ఓర్చుకో నాన్నా," అంది గాని, ఏం చెయ్యాలో దానికి పాలుపోలేదు.

పక్కనే ఓ ఎండు తుమ్మకంప ఉంది. విత్తనం పెట్టిన సూరమ్మే దాన్నీ తెచ్చి పాతింది. దాని ముళ్లకన్నా మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది.

"ఏమే! నెల్లాళ్లుగా నీకోసం ఎండలో నిలబడి చస్తున్నాను. ఎక్కవేం? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటావా?"

"నాకు నడుం లేదు తాతా."

"నాకు మాత్రం ప్రాణముందా? ఎండి కట్టెనయ్యాను. అయినా నిలబడలా? నడుం నేనిస్తాను. పట్టుకోవడం నీ పని."

"పిందెతో సహా పడిపోతే?"

"పడితే ఎక్కడ పడతావే? ఇప్పుడున్న చోటేగా!"

టప్పున మొదటి చినుకు పిందె మీద పడింది. "అమ్మా!" అని అది వణికిపోయింది.

బీరతీగ ఇక ఆగలేకపోయింది. ఒంట్లోంచి ఓ దారప్పోగంత తీగ సాగదీసి గాల్లోకి చాచింది. అది గడగడా వణుకుతూ తడుముకుంది. ఏమీ దొరకలేదు. "చూశావా, నీవల్ల కాదు," అంది లోపలి గొంతు. మళ్లీ చాచింది. ముల్లు తగిలింది. అబ్బా అనుకుంటూనే పట్టుకుంది.

"జారిపోతావు," అంది గొంతు. భయమేసి ఓ చుట్టు చుట్టింది. "నీకు నడుం లేదు," అంది. ఇంకో చుట్టు చుట్టింది. గొంతు ఎన్నిసార్లు బెదిరిస్తే అన్ని చుట్లు! చుట్టినకొద్దీ తీగ పైకి లేచింది. పిందె నేల విడిచింది.

వాన వెలిసేసరికి పిందె కంపకి వేలాడుతోంది. "అమ్మా, ఇక్కడ గాలి వస్తోందే!" అంది.

బీరతీగకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ గొంతు పోయిందా అంటే, పోలేదర్రా. సణుగుతూనే ఉంది.

అప్పటినుంచే బీరతీగ ఆసరా కోసం గాల్లో వణుకుతూ తడుముకుంటుంది, దొరికాక చుట్టు మీద చుట్టు చుట్టుకుంటుంది. కావాలంటే పాదు దగ్గరికెళ్లి చూడండి. ఎన్ని చుట్లుంటే అన్నిసార్లు భయపడిందన్నమాట. ఒక్కసారీ పట్టు వదల్లేదు.