ఎద్దు పక్కన చేరిన ముగ్గురు

కొండ కింది అడవిలో ఆ వేసవికి మూడు ఎద్దులు పోయాయి. మూడింటికీ మూత్రపిండాల రోగమే. మొదట కాళ్ళు వాచాయి, తర్వాత మూత్రం ఆగింది, ఆపైన ఊపిరి ఆగింది. నాలుగోది పుల్లెద్దు. దానికి వాపు వచ్చి ఆరు రోజులైంది.

అడవికి వైద్యుడు నక్క. రోగకారణం తనొక్కటే కనిపెట్టిందని అందరిచేతా అనిపించుకోవాలని దాని ఆశ. అందుకని నీళ్ళ సంగతి ఎరిగిన కొంగను ఒక రోజు, మట్టి సంగతి ఎరిగిన పందికొక్కును మరో రోజు, ఆకుల సంగతి ఎరిగిన మేకను ఇంకో రోజు ఒంటరిగా పిలిచి అడిగేది. పంపేటప్పుడు ఒక్కొక్కరి చెవిలో ఒకటే మాట ఊదేది: "మిగతావాళ్ళకు చెప్పకు. నీ పేరు కొట్టేస్తారు."

ముగ్గురూ నమ్మారు. ఇలాంటి తెలివైనవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఏడోనాడు పుల్లెద్దు లేవలేకపోయింది. పడుకునే ఆలోచించి, కాకి చేత ముగ్గురికీ వేరువేరుగా ఒకే కబురు పంపింది: "మధ్యాహ్నం ఒంటరిగా రా. ఎవరికీ చెప్పకు."

ముగ్గురూ వచ్చారు. ఒకరినొకరు చూసి మొహాలు మాడ్చుకున్నారు.

"ఈ మట్టి తవ్వేవాడుంటే నేనుండను," అంది కొంగ, రెక్క విప్పుతూ.

"వెళ్ళు బావా," అంది ఎద్దు ఆయాసపడుతూ. "వెళ్ళేముందు నా కాలు ఒక్కసారి నొక్కి చూడు."

కొంగ ముక్కుతో నొక్కింది. సొట్ట పడింది. ఎంతసేపు చూసినా ఆ సొట్ట పూడలేదు. కొంగ రెక్క ముడుచుకుంది.

"నక్కకు ఏం చెప్పావు?" అడిగింది ఎద్దు.

"ఏటి నీళ్ళు మంచివని చెప్పాను. నిజమే."

"నువ్వో, కొక్కు మావా?"

"దిగువ గుంట దగ్గర చవుడు నేల. చవుడుకి ఎవరూ చావరన్నాను."

"రాలిన ఎర్రాకు చేదేగాని విషం కాదన్నాను," అంది మేక. "రోజూ తింటున్నాను కదా."

ఎద్దు ఊపిరి గురగురమంటోంది.

"బావా, నువ్వు తాగేది ఏటి నీళ్ళేనా?" అంది కొంగ.

"ఏరు దూరం. ఎండలు ముదిరాక మేమంతా దిగువ గుంటలోనే తాగుతున్నాం."

"ఆ గుంటలో చేపల్లేవు. నేను అటు వెళ్ళనే లేదు."

"ఎర్రాకు చెట్టు ఆ గుంట మీదికే వాలి ఉంది," అంది మేక.

"ఆకు చవుటి నీళ్ళలో నానితే?" అంది పందికొక్కు.

మేక తల దించుకుంది. "ఒకసారి అలా నానిన ఆకు తిన్నాను. రెండు రోజులు మూత్రం రాలేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

అంతలో నక్క ఊడిపడింది. "నా రోగి దగ్గర మీకేం పని? మీ ముగ్గురి మాటా నా దగ్గరుంది. నీళ్ళు మంచివి, మట్టి మంచిది, ఆకు మంచిది. అసలు కారణం రేపో మాపో నేనే తేలుస్తాను."

"గుంట నీళ్ళ సంగతేమిటి దొరా?" అంది ఎద్దు.

"నెల రోజులుగా నేనూ అవే తాగుతున్నాను. నాకేమైంది?"

కొంగ వంగి నక్క కాలు నొక్కింది. సొట్ట పడింది. అందరూ చూస్తూనే ఉన్నారు. అది పూడలేదు.

ఆ సాయంత్రానికి పందికొక్కు తన వాళ్ళందరితో కలిసి గుంట పూడ్చేసింది. పుల్లెద్దు ఏటి నీళ్ళతో బతికింది, పోయిన సత్తువ మాత్రం తిరిగి రాలేదు. మర్నాడు నక్క కుంటుకుంటూ మేక గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఒంటరిగా రమ్మంటారా దొరా?" అంది మేక.

నక్క తన కాళ్ళ వైపు చూసుకుంది. "వద్దు తల్లీ. అందరినీ తీసుకురా."

నీతి: ఎవరికి వారు దాచుకున్న తెలివి, ముగ్గురూ ఒకచోట కూర్చునేదాకా ఏ రోగికీ మందు కాదు.