గోడ అవతలి రైలు

పాత అడవి నరికి ఊళ్లు కట్టేశాక, అక్కడి జంతువులన్నీ మూటాముల్లే సర్దుకుని తుమ్మలగడ్డకు చేరాయి. మొదట కొన్ని కొట్టాలే ఉండేవి. తర్వాత మేకలొచ్చాయి, వాటి వెనక గాడిదలు, కోళ్లు, కుందేళ్లు. చూస్తుండగానే వీధులు పడ్డాయి. వీధికో సంఘం, సంఘానికో అధ్యక్షుడు. లేనిదల్లా రైలు.

పట్నం వెళ్లాలంటే పక్కూరి స్టేషన్ దాకా నడవాలి. మహాలచ్చి అనే గేదె రోజూ పాలబిందెలతో ఆ దారినే వెళ్లేది. ఎండ ముదిరితే పాలు విరిగిపోయేవి. విరిగిన పాలు పట్నంలో ఎవరు పోయించుకుంటారు? బిందెలు అక్కడే కాలవలో ఒంపేసి, ఉత్త చేతులతో తిరిగొచ్చేది.

అడగ్గా అడగ్గా రైల్వేవాళ్ల మనసు కరిగింది. తుమ్మలగడ్డ పక్కనే స్టేషన్ కడతామన్నారు. "గుమ్మం ఎటు పెట్టాలో మీలో మీరు అనుకుని చెప్పండి" అని రైల్వే పెద్ద ఇంజనీరు, ఏనుగు గజపతిగారు కబురు పెట్టారు.

అదే వచ్చిన తంటా. సభ పెట్టారు.

"గుమ్మం మా వీధి ముందే ఉండాలి. ఇక్కడికి ముందొచ్చింది మేము" అన్నాడు మేకపోతు సింగన్న.

"ముందొస్తే గొప్పా? పొద్దున్నే రైలు వేళకు ఊరంతటినీ లేపేది ఎవరు?" అన్నాడు కోడిపుంజు కొండయ్య, మెడ ఈకలు రిక్కించి.

"నన్నడిగితే అసలు..." అంటూ గాడిద వీరాసామి గొంతెత్తాడు. సగం సభ చెవులు మూసుకుని లేచిపోయింది.

మహాలచ్చికి ఒళ్లు మండింది. "ఎవరి వీధి ముందైతే ఏమయ్యా! అన్ని వీధులూ పక్కపక్కనేగా ఏడిశాయి? గుమ్మం మనవైపు ఉంటే చాలదూ?"

"నువ్వూరుకో వదినా, ఇది పరువుకు సంబంధించిన విషయం" అన్నాడు సింగన్న.

ఆ సభలో ఓ మూల నక్క జగ్గారాయుడు కూర్చున్నాడు. ఎవరు మాట్లాడినా "నిజమే, నిజమే" అని తలూపాడు. ఆయనకు వాగు ఒడ్డున బీడు భూమి ఉంది. గుమ్మం అటు పడితే దానికి ధర పలుకుతుంది. పక్కూరి స్టేషన్‌కు జనాన్ని చేరవేసే ఎడ్లబళ్లూ ఆయనవే. ఇంటిముందే రైలెక్కితే ఇక బళ్లెక్కేదెవరు?

మర్నాడే పట్నం వెళ్లి గజపతిగారి ముందు వంగి నిలబడ్డాడు. "వాళ్లలో వాళ్లకు పొసగలేదండీ. చివరికి అందరూ కలిసి వాగు వైపు పెట్టించమన్నారు. అక్కణ్నుంచి ఇళ్లకు నాలుగడుగులేనండీ."

గజపతిగారు తుమ్మలగడ్డ మొహం ఎన్నడూ చూసినవారు కారు. తొండం ఊపారు.

స్టేషన్ లేచింది. తళతళలాడే పలకలు, నీడకు రేకులు, కూర్చోవడానికి బల్లలు, అన్నీ ఉన్నాయి. ఇళ్ల వైపు మాత్రం ఎత్తయిన గోడ, దాని మీద ఇనప ముళ్లు. గుమ్మం అవతల, వాగు ఒడ్డున. అక్కడికి చేరాలంటే ఊరు దాటి, ముళ్లకంపల్లోంచి దిగి, బురదలో పడి, వాగు చుట్టి రావాలి. సింగన్న ఓసారి గోడ దూకబోయాడు. కొమ్ము ముళ్లలో ఇరుక్కుని, రైలు వచ్చి వెళ్లేదాకా అక్కడే వేలాడాడు.

"ఎక్కు వదినా! నడిస్తే రైలు అందదు" అని జగ్గారాయుడు వీధి చివర బళ్లు పెట్టుకుని పిలిచేవాడు. ఎక్కినందుకు కోడి గుడ్డివ్వాలి, గేదె చెంబెడు పాలు పొయ్యాలి. ఎక్కకపోతే రైలు వెళ్లిపోతుంది.

"ఇదేం స్టేషన్ రా నాయనా!" అని మహాలచ్చి తల కొట్టుకునేది. "మా పెరట్లో నిలబడితే గోడ అవతల రైల్లో కూర్చున్నవాళ్ల మాటలు వినిపిస్తాయి. ఎక్కుదామంటే మాత్రం ఊరంతా తిరగాలి. దీనికంటే పాత స్టేషనే నయం. కళ్లముందు ఊరించేది కాదు."

కాకితో గజపతిగారికి కబురు పంపారు. గుమ్మం జగ్గారాయుడుగారు చెప్పినచోటే పెట్టాం, మీ విన్నపం పరిశీలనలో ఉంది అని జవాబు. ఇంకో కాకిని పంపారు. అదే జవాబు. మూడో కాకి జవాబు కూడా తేకుండా పట్నంలోనే కాపురం పెట్టేసింది.

అలా విసిగి ఉండగా, గజపతిగారు స్టేషన్ చూడటానికి వస్తున్నారని తెలిసింది. సింగన్న ఎగిరి గంతేశాడు. "ధర్నా చేద్దాం! దిక్కులు పిక్కటిల్లేలా అరుద్దాం!"

"అరవడమైతే నాకు వదిలెయ్యండి" అన్నాడు వీరాసామి.

"మీ అరుపులు చాలించండి" అంది మహాలచ్చి. "ఆయన చేటంత చెవులతో విని, తలూపి, వెళ్లిపోతాడు. నాకు చెరకు కావాలి. ఎవరింట్లో ఎంతుంటే అంత తెచ్చి మా పెరట్లో పడెయ్యండి."

ఎందుకని అందరూ అడిగారు. "ఒక్క రోజు ప్రశ్నలు మానితే మీ సొమ్మేం పోయింది?" అని కసిరింది.

ఆ రోజు గజపతిగారి కోసం రైలుకు కప్పులేని పెట్టె తగిలించారు. ఆయన దిగగానే జగ్గారాయుడు దండ పట్టుకుని ఎదురెళ్లాడు. "చూశారాండీ, మా వాళ్ల సంతోషం! ఇలా ఇంట్లోంచి బయల్దేరి అలా రైలెక్కేస్తున్నారు."

మహాలచ్చి ముందుకొచ్చి వంగి దణ్ణం పెట్టింది. "అయ్యగారూ, మీరు చేసిన మేలుకు మా ఇంట చెరకు విందు సిద్ధం చేశాం. కాదనకండి. మా ఇల్లు అదిగో, గోడ అవతలే."

గోడ మీదుగా చెరకు ఆకులు కనిపిస్తున్నాయి. వాసన తగలగానే గజపతిగారి తొండం దానంతటదే లేచింది. "అబ్బో! కానీ ఈ రైలు చివరి స్టేషన్ దాకా పోయి వెనక్కి వస్తుంది. నేను దాన్లోనే వెళ్లాలి. ఎంత దూరమేమిటి?"

"దారి సంగతి రాయుడు బావగారినే అడగండి. గుమ్మం అటు పెట్టించిందీ వారేగా" అంది మహాలచ్చి.

జగ్గారాయుడు ఇరుకున పడ్డాడు. దూరమంటే తన అబద్ధం బయటపడుతుంది. "నా... నాలుగడుగులేనండీ. అయినా తమరు నడవడమెందుకు? బండి ఉంది."

గజపతిగారు బండిలో కాలు మోపారు. ఫెళ్లుమంది.

"ఇరుసు పోయిందండీ" అన్నాడు బండి లాగే ఎద్దు బసవయ్య, వెనక్కి తిరిగి కూడా చూడకుండా.

ఇక నడకే. వాగు ఒడ్డున బురదలో గజపతిగారి కాళ్లు మోకాలి దాకా దిగబడ్డాయి. ముళ్లకంపలో అరికాలికి ముల్లు దిగింది. ఎండకు వీపు కాలిపోయింది. "ఇంకా ఎంత?" అని ఆయన, "వచ్చేశామండీ" అని జగ్గారాయుడు. మళ్లీ "ఇంకా ఎంత?" అని ఆయన. మహాలచ్చి ముందు నడుస్తూ దారి చూపింది. కాసేపటికి జగ్గారాయుడు రొప్పుతూ వెనకబడ్డాడు.

పెరట్లోకి చేరి ఆయన చెరకు గడ అందుకున్నారో లేదో, గోడ అవతల రైలు కూత పెట్టింది. తిరుగు రైలు వచ్చేసింది.

"అయ్యో! రైలు! కాసేపు ఆగుతుందా?"

"ఎవరి కోసమూ ఆగదండీ" అంది మహాలచ్చి. "రోజూ మా గతి ఇదే. అది కళ్లముందే ఉంటుంది. మేము వాగు చుట్టి వెళ్లేసరికి ఉండదు. నా పాలు పెరుగై కూర్చుంటాయి."

గజపతిగారు రైలు వంక చూశారు. గోడ వంక చూశారు. వచ్చిన దారి తలచుకున్నారు. చెరకు గడ కింద పెట్టి, నుదురు గోడకు ఆనించి, ఒక్క తోపు తోశారు. ఇనప ముళ్లతో సహా గోడ కూలింది. దుమ్ము తగ్గేసరికి ఎదురుగా ప్లాట్‌ఫారం, దాన్ని ఆనుకుని రైలు.

"ఇంత దగ్గరా!" అన్నారాయన, నోరు తెరిచి.

"ఈ ముక్క మీ నోట వినడానికి ఎన్ని కాకుల్ని తిప్పామో అయ్యా! ముందే ఒకసారి వచ్చి చూసుంటే గోడా మిగిలేది, మీ కాలూ మిగిలేది."

ఆయన సిగ్గుతో చెవులు వాల్చారు. అప్పటికి జగ్గారాయుడు నాలుక వేలాడేసుకుని వచ్చాడు. "అయ్యగారూ! గోడ... రైల్వేవారి ఆస్తి..."

"కట్టించింది నేను, కూల్చింది నేను. గుమ్మం పెట్టించేదీ నేనే, ఇక్కడే" అని గజపతిగారు రైలెక్కారు. ఎక్కుతూ చెరకు మోపంతా తొండంతో లాక్కుపోయారు.

వారం తిరక్కుండా గుమ్మం లేచింది. మహాలచ్చి పాలు విరక్కుండా పట్నం చేరుతున్నాయి. బసవయ్య కాడి దించేసి, కొత్త గుమ్మంలోంచి తొలిసారి పట్నం చూసి రావడానికి వెళ్లాడు. జగ్గారాయుడు వాగు ఒడ్డున ఖాళీ బళ్ల మధ్య నిలబడి "ఎక్కండి, ఎక్కండి" అని ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. పలికేవాళ్లు లేరు.

నీతి: కష్టం తీర్చవలసినవాడికి దాన్ని వందసార్లు వినిపించేకంటే, ఆ దారిన ఒక్కసారి నడిపించడం మేలు.