నూకరత్నం చెరువూ, తెల్లపొట్ట చేపలూ

నూకరత్నానికి అన్యాయం జరిగింది కార్తీకమాసం మూడో ఆదివారం నాడు. చేసింది దొంగలు కాదు, పగవాళ్లు కాదు. మామ లోవరాజు, మొగుడు ఏడుకొండలు, మరిది గంగరాజు. ముగ్గురి తెలివీ పోగేసి ఆరబోస్తే చేటలో చారెడు తేలదు. గర్వానికి మాత్రం ఇల్లు చాలదు.

"మా వంశంలో చెప్పిన మాట చెప్పినట్టు చేస్తాం. అక్షరం అటూ ఇటూ పోదు" అనేవాడు లోవరాజు, గట్టు మీద కూర్చుని తొడ చరుచుకుంటూ.

అన్నట్టే ఉండేవాడు కూడా. ఓసారి బస్సెక్కాడు. "లోపలికి జరుగు పెద్దాయనా, జరుగు, జరుగు" అన్నాడు కండక్టరు. జరిగాడు. ఇంకా జరగమన్నాడు. ఇంకా జరిగాడు. అంతే, వెనక గుమ్మంలోంచి రోడ్డు మీద పడ్డాడు. బస్సు పోయింది. మోకాలు చీరుకుపోయి నడిచి ఇంటికొచ్చి, "ఆ బస్సులో మాట విన్నవాణ్ణి నేనొక్కణ్ణే" అని ఊరంతా చెప్పుకున్నాడు. కొడుకులిద్దరూ తండ్రిని చూసి పొంగిపోయారు.

ఈ కొంపలో నూకరత్నం కోడలు. సముద్రంలో కలిసే ఏటిపాయ పక్కన ఎకరం చెరువు. రెండేళ్లుగా అందులో నాటు మార్పుల్ని, అంటే మీసాల నల్లచేపల్ని, పెంచుతోంది. పిల్లప్పుడు అగ్గిపుల్లంత ఉన్నవాటిని ఉడకబెట్టిన గుడ్డుసొన చిదిమి మేపింది. కొంగలొస్తే కర్రపుచ్చుకుని తరిమింది. ఇది చూసి చేపల ఆఫీసు మేడమ్ ఒక మాటంది: "అసలైన నాటు మార్పులు ఇప్పుడెక్కడా దొరకడం లేదమ్మా. నీ చెరువుని విత్తన చెరువుగా రాస్తాను. గట్టు మీద నీ పేరుతో బోర్డు పెట్టిస్తాను."

నీ పేరుతో! రేషన్ కార్డులో కూడా నూకరత్నం పేరు తప్పుగానే పడింది. అలాంటిది గట్టు మీద, రంగు వేసిన అక్షరాల్లో!

ఆ బోర్డుకి ఒకటే అడ్డం. మొన్నటి వరదకి పై చెరువులు తెగి, ఆఫ్రికా మార్పులు కొట్టుకొచ్చి ఇందులో పడ్డాయి. అవి పెంచకూడదని నిషేధం. పైగా తిండిపోతులు. పక్కనున్న చేపని పక్కనే మింగేస్తాయి. సోమవారం మేడమ్ వచ్చేసరికి చెరువులో అవి ఒక్కటి కూడా ఉండకూడదు. సరిగ్గా ఆ వారమే నూకరత్నం గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. కాలికి సిమెంటు కట్టు, గట్టు మీద పాకలో నులకమంచం. ఇంకేముంది, చేయాల్సిన పనంతా ఆ ముగ్గురి చేతుల్లో పడింది.

ఆదివారం పొద్దున్నే ఇంజను పెట్టి చెరువుని మోకాలి లోతుకి దింపారు. నూకరత్నం మంచం మీంచి పాఠం మొదలెట్టింది.

"మావయ్యా, జాగ్రత్తగా వినండి. మన మార్పుకి ఒళ్లంతా ఒకటే నలుపు. ఆఫ్రికా దానికి వీపు మీద సిరా ఒలికినట్టు మచ్చలుంటాయి, పొట్ట తెల్లగా ఉంటుంది, తల బల్లపరుపుగా, వెడల్పుగా ఉంటుంది. మీసాలు రెండిటికీ ఎనిమిదే. అందుకని మీసాలు చూడొద్దు."

"చూడం" అన్నారు ముగ్గురూ.

వల లాగారు. అరగంటైంది. ఒక్క చేపా తొట్టిలోకి రాలేదు. తలెత్తి చూసింది నూకరత్నం. గంగరాజు ఒక్కో చేపనీ ఒళ్లో పెట్టుకుని, మూతికి తువ్వాలు చుడుతున్నాడు. ఏడుకొండలు ముడి వేస్తున్నాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"మీసాలు చూడొద్దన్నావు కదా వదినా! ఎంత తల తిప్పుకున్నా కళ్లు అటే పోతున్నాయి. అందుకే కప్పేస్తున్నాం" అన్నాడు గంగరాజు. అప్పటికే చేప ముల్లు గుచ్చుకుని బొటనవేలు బూరెలా వాచింది.

"మూతికి చుట్టిన గుడ్డలు తీసెయ్! బురదలో ఏది మచ్చో ఏది మట్టో తెలీదు, శుభ్రంగా కడిగి చూడండి."

అంతే, ఏడుకొండలు ఇంట్లోకి పరిగెత్తి బట్టల సబ్బూ, బ్రష్షూ పట్టుకొచ్చాడు. చేపని బండ మీద పరిచి రుద్దడం మొదలెట్టాడు. చేప ఎగిరి గడ్డంమీద కొట్టింది. ఇంకా రుద్దాడు.

"ఏమే రత్నం, దీని మచ్చ పోవట్లేదే! రెండుసార్లు సబ్బు పెట్టాను."

"పోదండీ మహానుభావా! పుట్టు మచ్చ! అదే ఆఫ్రికాది!"

"పోనిది ఆఫ్రికాదా? ముందే చెప్పొచ్చుగా" అని విసుక్కున్నాడు. పెళ్లాం కడగమంటే కడిగాడు, ఇంక పెళ్లాం తప్పు కాక ఎవరిది?

సబ్బు లాక్కుని దిండు కింద దాచింది నూకరత్నం. మేడమ్ ఇచ్చిపోయిన బొమ్మల కాగితం మామ చేతికిచ్చింది. "మావయ్యా, చేపని బొమ్మ పక్కన పెట్టి చూడండి. రెండూ ఒకేలా ఉంటే ఆఫ్రికా తొట్టిలో వెయ్యండి."

లోవరాజు కళ్లజోడు పెట్టుకున్నాడు. మూరెడు చేప వచ్చింది. వీపు నిండా మచ్చలు, సున్నం కొట్టినట్టు తెల్లటి పొట్ట. బొమ్మ పక్కన పెట్టి కొలిచాడు. పెదవి విరిచాడు.

"ఇది కాదు."

"ఎందుకు కాదు?"

"బొమ్మలోది జానెడు. ఇది మూరెడు. ఒకేలా ఎక్కడున్నాయమ్మాయ్? పైగా బొమ్మలోది కదలకుండా ఎంత బుద్ధిగా ఉందో చూడు. మన తొట్టిలో వేసెయ్యి గంగా."

గంగరాజు వేసేశాడు. అలా పదకొండు వేశాడు. తొట్టిలో నాటు మార్పుల్ని అవి మింగుతుంటే, "ఎంత కలిసిపోయాయో నాన్నా!" అని మురిసిపోయాడు.

నూకరత్నానికి ఒళ్లు మండింది. "ఎవరూ ఏమీ చూడొద్దు! తొట్టిలోవి కూడా, అన్నీ పట్టి తెచ్చి నా ముందు పెట్టండి, చాలు!"

ఈ ఒక్క మాటా సరిగ్గానే జరిగింది. అప్పట్నుంచి మధ్యాహ్నం మూడు దాకా, కట్టు కాలు చాపుకుని, ఒక్కో చేపనీ చేతిలోకి తీసుకుని చూసింది. వీపు చూసింది, పొట్ట తిప్పింది, తల మీద వేలితో తడిమింది. నల్లవి ఎడమ తొట్లలోకి, మచ్చలవి కుడి తొట్లలోకి. నడుం పడిపోయింది. అరచేతులు ముళ్లకి చిల్లులు పడ్డాయి. చెరువు అడుగు వెతికించింది. ఖాళీ. అప్పుడు ఊపిరి పీల్చుకుంది. మంచి చేపలు మూడొందల పై మాటే. మచ్చలవి నూట పద్నాలుగు. రేపు మేడమ్ రావచ్చు. బోర్డూ రావచ్చు.

"పక్కింటోళ్లకి ఇచ్చేద్దామా ఇవి, కూరొండుకుంటారు?" అన్నాడు ఏడుకొండలు, కుడి తొట్లు చూపించి.

"కార్తీకంలో ఎవరు తింటారండీ? మనవాటిని మెల్లగా నీళ్లలో వదిలేయండి. పరాయివాటికి గట్టవతల లోతుగా గొయ్యి తీసి, అందులో పడేసి, నింపేయండి" అంది. నొప్పిబిళ్ల వేసుకుంది. కళ్లు మూతలు పడ్డాయి.

లేచేసరికి పొద్దు వాలుతోంది. ముగ్గురూ మంచం చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డారు, మెచ్చుకుంటుందని.

"వదిలారా?"

"మెల్లగా వదిలాం వదినా. ఒక్కోదాన్నీ రెండు చేతులతో."

నూకరత్నం చెరువు వంక చూసింది. గాలికి అల తప్ప నీళ్లు కదల్లేదు. మార్పులు ఊపిరి పీల్చడానికి పైకి రావాలి. ఒక్క బుడగా లేదు.

"ఎక్కడ వదిలారు?"

"ఏటిపాయలో" అన్నాడు లోవరాజు. "చెరువులో మోకాలి లోతే కదమ్మాయ్ ఉన్నది. నీళ్లలో అన్నావు. నీళ్లు ఎక్కువున్న చోటు చూశాం. సముద్రం నీళ్లు వెనక్కి లాగే వేళ, జామ్మని పోయాయి. కొన్ని వెనక్కి తిరిగి చూశాయి కూడా."

ఉప్పునీళ్లలోకి పోయిన మార్పు ఎన్ని గడియలు బతుకుతుందో నూకరత్నానికి తెలుసు. చిల్లులు పడ్డ అరచేతుల్ని ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. ఏడుకొండలు వంగి, "ఏంటే, నొప్పా? సబ్బు రాయనా?" అన్నాడు.

"గొయ్యి?" అంది చివరికి. "గొయ్యన్నా నింపారా?"

"అంచుదాకా!" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

పోనీ, కనీసం నిషేధం చేపల పీడ వదిలింది అనుకుంది. మేడమ్ కాళ్లు పట్టుకుని మళ్లీ పిల్లల్ని తెచ్చుకోవచ్చు. చెరువు శుభ్రంగా ఉంటే అడగడానికి నోరన్నా ఉంటుంది.

సోమవారం పొద్దున్నే మేడమ్ వచ్చింది, చంకలో రిజిస్టరుతో. ఖాళీ చెరువు చూసింది. కథంతా విని నొచ్చుకుంది. "సరే, పరాయివి పూడ్చిన చోటు చూపించండి, రాసుకుని పోతాను" అంది. లోవరాజు మీసం దువ్వుకుంటూ ముందు నడిచాడు. ఏడుకొండలు, గంగరాజు నూకరత్నాన్ని మంచంతో సహా మోసుకెళ్లారు.

గట్టవతల గొయ్యి. పీకలోతు, నాలుగు మంచాల వెడల్పు. అంచుదాకా నీళ్లు. ఇంజను పెట్టి మరీ నింపారు. నీళ్లమీద తవుడు తేలుతోంది. తెల్ల పొట్టలు తిరగేసుకుంటూ, మచ్చల వీపులు రుద్దుకుంటూ, మూరెడేసి చేపలు తవుడు మేస్తున్నాయి. రాత్రి చలి తగలకుండా పైన తాటాకులు కూడా కప్పారు.

"ఇదేంటి?" అంది మేడమ్.

"గొయ్యండి. నింపమంది, నింపాం."

"మట్టితోనయ్యా!"

"ఆ ముక్క కోడలు చెప్పలేదండి" అన్నాడు లోవరాజు. కొడుకులు తలలూపారు. "మట్టి పోస్తే చచ్చిపోవూ?"

మేడమ్ మొహం ఎర్రబడింది. "నిషేధం చేపల్ని గొయ్యి తవ్వి మరీ పెంచుతున్నారా? ఇది ఎవరి పని?"

మూడు వేళ్లు ఒకేసారి లేచాయి. మూడూ మంచం వైపే. "మాదేముందండి? చెప్పింది తనే. మేం అక్షరం తప్పలేదు."

నూకరత్నం మోచేతి మీద లేచి కూర్చుంది. రెండేళ్ల గుడ్డుసొనా, తరిమిన కొంగలూ, రాని బోర్డూ అన్నీ గుర్తొచ్చాయి.

"రాసుకోండి మేడమ్. నా పేరే రాసుకోండి. కానీ లెక్క సరిగ్గా రాయండి. ఈ చెరువుని పాడుచేసినవి గోతిలో ఉన్నవే కాదు, బయట ఇంకో మూడున్నాయి. వాటినీ గోతిలో వేసి లెక్కపెట్టండి."

ఇంకేముంది! కోడలి మాట ఎప్పుడు కాదన్నారు గనక? లోవరాజు కండువా తీసి గట్టు మీద పెట్టాడు. "పదండ్రా" అన్నాడు. ముగ్గురూ దబ్బున గోతిలోకి దూకారు. గొంతుదాకా మునిగారు. చేపలు పక్కకి తప్పుకుని చోటిచ్చాయి. గంగరాజు నెత్తి మీద తవుడు అంటుకుంది.

"కదలకుండా ఉంటాం మేడమ్, లెక్కపెట్టుకోండి" అన్నాడు లోవరాజు, నీళ్లు ఉమ్ముతూ. "మాలో ఒకణ్ణే రెండుసార్లు లెక్కపెట్టకండి. మధ్యలో ఉన్నది పెద్దకొడుకు."

మేడమ్ గోతి వంక చూసింది. మంచం వంక చూసింది. గోతి చుట్టూ మూడుసార్లు తిరిగి లెక్కపెట్టింది. పెన్ను మూత తీసి, పెదవి కొరుక్కుని, ఒక్క కొట్టివేత లేకుండా రాసింది:

చెరువులో నాటు జాతి: సున్న. గోతిలో పరాయి జాతి: నూట పదిహేడు.