ఎర్రచిలుకల అడ్డుతెర: చాయమ్మ తొలిగుడ్డ వ్రత కథ

అక్షతలు చేతబట్టి అందరును శ్రద్ధగా వినుడు.

పూర్వము శీలవర్ధన ముని తన గురువగు వర్ణపాద మహామునికి మ్రొక్కి, చేతిపనివారికి కొత్తపని కలసివచ్చుటకు, పోయిన పేరు తిరిగివచ్చుటకు తగిన వ్రతమేదని అడిగెను. మహాముని సంతసించి ఇట్లు చెప్పెను.

కృష్ణాతీరమున రంగులపల్లెలో భావన్న, నాంచారమ్మ అను అద్దకపు దంపతులుండిరి. ఊరివారెల్ల చెక్క అచ్చులతో అద్దుచుండగా నాంచారమ్మ కొత్తదారి పట్టెను. పలుచని పట్టుగుడ్డను చట్రమునకు బిగించి, చిలుకల రూపములు విడిచి మిగిలినచోటెల్ల మైనము పూసెను. జిగురు కలిపిన పటికనీరు పోసి చెక్కబద్దతో ఒక్క లాగు లాగగా చిలుకల బారు కంటికి కనపడకయే కిందిగుడ్డపై దిగెను. పాత అచ్చులు విడిచినందుకు ఊరివారు గొణిగిరి. రేవుపెద్ద సూరప్ప తన కూతురి పెండ్లికి అడ్డుతెర అద్దమని, అది చెడినచో ఇక రేవున గుడ్డ ఉతకరాదని కట్టడి చేసెను.

కొత్తగా అద్దిన తొలిగుడ్డను రంగుల దేవతయగు చాయమ్మ తల్లి ముందు మడిచి ఉంచి, పటిక పట్టువరకు ముట్టకుండుటయే ఆ ఊరి వ్రతము. పిమ్మట పారునీట జాడించి మంజిష్ఠవేరుతో ఉడికించినగాని ఎరుపు తేలదు. భావన్నకు ఓపిక లేకపోయెను.

"ఏమీ కనపడని గుడ్డకు పూజేమిటే? కాగులో వెయ్యి!" అని తానే వేసెను. పటిక చెదరి ఎరుపంతయు అలికినట్లాయెను.

సూరప్ప తెర విప్పి చూచెను. "చిలుకలేవయ్యా భావన్నా? అవి తినగా మిగిలిన దొండపండ్లు కనపడుతున్నాయి!" అనెను. పెండ్లినాటికి మరొకటి తేకున్న రేవు మరచిపొమ్మని చెప్పి పోయెను.

నాంచారమ్మ రేవున కూర్చుండి విలపించుచుండగా ఒక ముత్తైదువ వచ్చెను.

"ఏమే పిల్లా, గుడ్డను కాస్త నిద్రపోనియ్యవా?"

"మా ఆయనకు తొందరెక్కువ, పెద్దమ్మా."

"అయితే ఆయన్నే కాపలా పెట్టు!"

ఆమె నవ్వి అదృశ్యమయ్యెను. మెట్లపై పసుపు అడుగులు మిగిలెను. చాయమ్మయే వచ్చెనని గ్రహించి నాంచారమ్మ మరల తెర అద్ది, చలిమిడి నైవేద్యముపెట్టి, మగని కాపలా ఉంచెను. అతడు చేతులు కట్టుకొని, కదలక మెదలక కూర్చుండెను.

పటిక పట్టిన పిదప ఏట జాడించగా గుడ్డ తెల్లగానే తోచెను. "అంతా ఏట్లో కలిసిందే!" అని భావన్న నెత్తి బాదుకొనెను. ఆమె గుడ్డను మంజిష్ఠ కాగులో వేసెను. నీరు మరుగగా మొదట ఒక ముక్కు, తరువాత ఒక రెక్క, ఆపై బారు బారంతయు ఎర్రగా తేలివచ్చెను. భావన్న గంతులు వేసెను.

పెండ్లిలో ఇరుపక్షములవారు ఆ తెరను చూచుచు జీలకర్రబెల్లము మాట మరచిరి. వెనుకనుండి వరుడు, "మామగారూ, చిలుకలను తరువాత చూద్దురుగాని! ముందు పిల్లను చూడనివ్వండి!" అని కేకవేసెను. పందిరి నవ్వులతో నిండెను. సూరప్ప ఆ దంపతులకు రేవున మొదటి మెట్టు ఇచ్చెను. గొణిగినవారే చట్రములు కట్టించుకొని నాంచారమ్మ కడ పని నేర్చుకొనిరి.

కావున అద్దకమువారు, నేతవారు, కొత్తపని తలపెట్టినవారు, తొలియత్నము చెడినవారు, మిక్కిలి తొందరగల మగలును ఈ వ్రతము చేయవలెను. చేసినవారికి కడిగినను పోని పేరు, ఎండకు వెలిసిపోని సంపద కలుగును. చెప్పినవారి నోట తప్పు దొర్లినను మీ గుడ్డపై మచ్చ పడకుండుగాక. అక్షతలు తల్లిపై చల్లి, తోసుకొనక, వరుసగా ప్రసాదము గైకొనుడు.