దిబ్బ తవ్విన ఎల్లాజీ

జీడిరేవు అనే సముద్రపు ఒడ్డు పల్లెలో ఎల్లాజీ అనే జాలరి ఉండేవాడు. పనిలో ఎంత నేర్పరో, ఓపికలో అంత పేదవాడు. అన్నం ఉడకకుండానే దించమని భార్యను తొందరపెట్టేవాడు. తడి ఆరని వలనే భుజాన వేసుకుని బయలుదేరేవాడు. అయినా మనసు మంచిది కావడంతో, అందరూ కలిసి ఒడ్డు నుంచి లాగే పెద్ద వలకు అతన్నే నాయకుడిగా పెట్టుకున్నారు.

ఒక కార్తీకంలో పెద్ద తుఫాను వచ్చింది. రెండు రోజులు పల్లెవాళ్లంతా బడిలో తలదాచుకున్నారు. మూడో రోజు తిరిగొచ్చి చూస్తే ఇళ్లు ఉన్నాయి కానీ ఒడ్డు లేదు. ఇళ్ల ముందున్న ఇసుక దిబ్బ మొదట్లోనే కెరటాలు విరుగుతున్నాయి. దిబ్బ ముందు భాగం కత్తితో కోసినట్టు నిలువునా తెగిపోయింది. నిలబడి వల లాగడానికి జానెడు చోటు లేదు.

"అయిపోయింది. సముద్రం మన ఒడ్డు మింగేసింది" అన్నాడు ఎల్లాజీ.

పక్కింట్లో పోలమ్మ ఉండేది. చేపలు ఎండబెట్టి అమ్ముకునే డెబ్బై ఏళ్ల మనిషి. చుట్టరికం లేకపోయినా ఎల్లాజీ ఆమెను అత్తా అనే పిలిచేవాడు.

"మింగలేదు అల్లుడూ, పక్కన పెట్టింది" అంది పోలమ్మ. "అదిగో, దూరంగా తెల్లగా కెరటం విరుగుతోంది చూడు. మన ఇసుక అక్కడ నీళ్ల కింద మేట వేసి ఉంది. సముద్రం నెమ్మదించాక చిన్న కెరటాలే మోసుకొస్తాయి. నా చిన్నప్పుడూ ఇలాగే పోయింది, ఇలాగే వచ్చింది."

"ఎప్పటికి వస్తుంది అత్తా?"

"వేసవికి."

"అప్పటిదాకా చేతులు ముడుచుకు కూర్చోమంటావా?"

"పక్క ఊరి రేవు నుంచి వేటకు వెళ్లండి. ఆ దిబ్బ జోలికి మాత్రం పోకు. సముద్రానికీ మనకీ మధ్య మిగిలింది అదొక్కటే."

ఎల్లాజీ వినలేదు. మర్నాడే ట్రాక్టరు తెచ్చాడు. తమ రెండిళ్లకూ ఎదురుగా దిబ్బను తవ్వించి, దాని మీద అల్లుకున్న తీగలతో సహా ఆ ఇసుకను నీళ్ల అంచున పరిపించాడు. సాయంత్రానికి చక్కని ఒడ్డు తయారైంది.

"చూశావా అత్తా, వేసవి ఒక్క రోజులో వచ్చేసింది!" అన్నాడు.

రెండు రోజుల ఆటుపోట్లకే ఆ ఇసుక కొట్టుకుపోయింది. పది రోజులకు వాయుగుండం పట్టింది. చిన్నదే. దిబ్బ ఉన్నచోట కెరటాలు ఆగిపోయాయి కానీ, ఎల్లాజీ తవ్విన గండిలోంచి నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. అతని వంటగది మునిగింది. పోలమ్మ పాక గోడ కూలి, దాచుకున్న ఎండు చేపలన్నీ బురదపాలయ్యాయి.

ఎల్లాజీ తల వంచుకుని ఆమె ముందు నిలబడ్డాడు. "నన్ను తిట్టు అత్తా" అన్నాడు.

"తిడితే గోడ లేస్తుందా? ముందు గోడ లేపు. తర్వాత ఆ గండి సంగతి చూద్దాం" అంది పోలమ్మ.

అతను గోడ కట్టాడు. పక్క ఊరి రేవు నుంచి వేటకు వెళ్లి, తన వాటా చేపల్లోంచి ఆమె బుట్టలు నింపాడు. ఆమె చెప్పినట్టే గండికి అడ్డంగా తాటాకుల దడి కట్టి, దాని వెనక ఇసుకను పట్టి ఉంచే దిబ్బ తీగల ముక్కలు నాటాడు. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక దడి దగ్గర వేలెడు చేరింది. తర్వాత జానెడు అయింది. రోజూ పొద్దున్నే వెళ్లి దాన్ని చూసుకోవడం ఎల్లాజీకి సరదా అయిపోయింది.

మాఘంలో ఒక ఉదయం తమ ఇళ్లకు ఎదురుగా తెప్ప మీద వెళ్తూ, తెప్పను నెట్టే గెడకర్ర నీళ్లలోకి దించాడు. నిలువు లోతు ఉండాల్సిన చోట అది ఠక్కున నేలకు తగిలింది. ఎల్లాజీ తెప్ప దిగాడు. నీళ్లు నడుము దాకానే ఉన్నాయి. పాదాల కింద గట్టి ఇసుక!

"అత్తా, ఇక్కడే ఉంది! మన ఒడ్డు ఇక్కడే ఉంది!" అని కేకలు వేశాడు.

"తెలుసులేరా! అరవకు, చేపలు పారిపోతాయి!" అని దిబ్బ మీంచి పోలమ్మ అంతకన్నా గట్టిగా అరిచింది.

ఆ మేట రోజురోజుకూ ఇటు జరిగింది. చైత్రానికి పడవలు లాగేంత చోటు వచ్చింది. వైశాఖంలో పెద్ద వల వేసి, ఇరవై మంది తాడు పట్టి హాయిగా లాగారు. దిబ్బ మాత్రం ఆ ఏడు మోకాలెత్తే పెరిగింది. మునుపటంత కావాలంటే చాలా ఏళ్లు పడుతుందని పోలమ్మ చెప్పింది.

"పడితే పడనీ అత్తా, మనం ఎక్కడికి పోతాం?" అన్నాడు ఎల్లాజీ.

పోయినదాన్ని వెంటనే తెచ్చుకోవాలనే ఆత్రంలో మిగిలినదాన్ని పాడుచేసుకోకూడదు. ఉన్నదాన్ని కాపాడుకుంటూ ఓపిక పట్టినవాడికే పోయినది తిరిగి దక్కుతుంది.